మాంట్రియల్ ఆఫీసులో చేరబోతున్నాను: ఫ్రెంచ్ ఎంత, ఇంగ్లిష్ ఎంత, మర్యాద ఎలా?

కొత్తగా వస్తున్నా

అందరికీ నమస్తే. కొన్నేళ్లుగా టొరంటోలో ఉంటున్నాను. వచ్చే నెల మాంట్రియల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరుతున్నాను. చిన్న కంపెనీ, నలభై మంది లోపే. ఇంటర్వ్యూ ఫ్రెంచ్‌లో మొదలై మధ్యలో ఇంగ్లిష్‌లోకి మారింది. ఆఫర్ కాగితాలు మాత్రం ఫ్రెంచ్‌లోనే వచ్చాయి. నా ఫ్రెంచ్ ఏ2 స్థాయిలో ఉంది. నెమ్మదిగా మాట్లాడితే అర్థమవుతుంది, జవాబు చెప్పాలంటే మాటలు వెతుక్కుంటాను.

ఇక్కడి స్నేహితులంతా "డౌన్‌టౌన్‌లో ఇంగ్లిష్‌తో బతికేయొచ్చులే" అంటున్నారు. బతకగలనా లేదా అన్నది నా బెంగ కాదు. టీములో కలిసిపోవాలని ఉంది. మెయిల్ ఏ భాషలో మొదలుపెట్టాలి? మీటింగులో ఏం చేయాలి? మేనేజరుని "తు" (నువ్వు) అనాలా, "వూ" (మీరు) అనాలా? భోజనాలు, పార్టీల సంగతేంటి? అక్కడ పనిచేస్తున్నవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి.

ప్లాటో పిల్ల

స్వాగతం తమ్ముడూ. నేనూ ఐటీలోనే ఉన్నాను, మాంట్రియల్ వచ్చి చాలాకాలమైంది.

ముందుగా మీటింగుల గురించి. ఇక్కడ అసలు మర్యాద తెలిసేది అక్కడే. బల్ల చుట్టూ ఎనిమిది మంది ఉన్నారనుకో. ఏడుగురి మాతృభాష ఫ్రెంచ్. ఎనిమిదో మనిషి తలుపు తీసుకుని లోపలికి వచ్చి "హాయ్ గయ్స్" అనగానే ఏడుగురూ ఇంగ్లిష్‌లోకి మారిపోతారు. ఎవరూ ముఖం చిట్లించరు. మాంట్రియల్ వాళ్లలో సగం మందికి పైగా రెండు భాషలూ వచ్చు, కాబట్టి మారడం వాళ్లకి అలవాటే. కానీ ఆ గంటసేపు ఆ ఏడుగురిలో ఇద్దరు ముగ్గురు నోరు విప్పరు. డిజైన్ మీద మంచి అభ్యంతరం ఉన్న మనిషి కూడా ఇంగ్లిష్‌లో వాదించేంత ధైర్యం లేక ఊరుకుంటుంది. మనం బయటికి వచ్చి "అందరూ ఒప్పుకున్నారు, మీటింగ్ బాగా జరిగింది" అనుకుంటాం.

ఇది నేను కళ్లారా చూశాను, ఒకచోట కాదు. అందుకే కొత్తగా వచ్చేవాళ్లకి ఒకటే చెప్తాను. వాళ్లు నీకోసం భాష మార్చుకున్నప్పుడు, ఆ బరువు వాళ్లు మోస్తున్నారని గుర్తుపెట్టుకో. చేరిన మొదటి వారంలోనే టీముకి చెప్పెయ్: "మీరు ఫ్రెంచ్‌లోనే మాట్లాడండి, నాకు అర్థమవుతుంది. అర్థం కాకపోతే ఆపి అడుగుతాను. నేను మాత్రం కొన్నాళ్లు ఇంగ్లిష్‌లో జవాబిస్తాను." ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుతూ నడిచే మీటింగులు ఇక్కడ చాలా మామూలు. బయటివాళ్లకి వింతగా ఉంటుంది కానీ, నా దృష్టిలో ఈ నగరం కనిపెట్టిన గొప్ప పద్ధతి అదే. వినడం నీకు త్వరగా వచ్చేస్తుంది, మాట్లాడటం తర్వాత వస్తుంది. ఈలోగా ఎవరూ నోరు మూసుకోనక్కర్లేదు.

లవాల్ వాసి

ప్లాటో పిల్ల గారు చెప్పిన "బరువు" మాటకి వెనక పెద్ద చరిత్ర ఉంది. అది తెలియకపోతే ఇక్కడివాళ్ల పట్టుదల మనకి మొండితనంలా కనిపిస్తుంది.

1960ల దాకా మాంట్రియల్‌లో జనాభా ఎక్కువగా ఫ్రెంచ్‌వాళ్లు, డబ్బు మాత్రం ఇంగ్లిష్‌లో నడిచేది. సెయింట్ జేమ్స్ వీధిలో బ్యాంకులు, బీమా కంపెనీలు అన్నీ ఇంగ్లిష్‌వాళ్ల చేతుల్లో ఉండేవి. డౌన్‌టౌన్ పెద్ద దుకాణాల్లో ఫ్రెంచ్‌లో అడిగితే జవాబు దొరకని రోజులవి. ఫ్రెంచ్ మాట్లాడితే "స్పీక్ వైట్", అంటే తెల్లవాళ్ల భాష ఇంగ్లిష్‌లో మాట్లాడు అని ముఖం మీదే అనేవాళ్లు. 1962లో కెనడియన్ నేషనల్ రైల్వే అధ్యక్షుడు డొనాల్డ్ గార్డన్‌ని పార్లమెంటరీ కమిటీలో ప్రశ్నించారు. ఆ సంస్థకున్న 17 మంది ఉపాధ్యక్షుల్లో ఫ్రెంచ్ కెనడియన్ ఒక్కరూ లేరు. పదోన్నతులు యోగ్యతను బట్టే ఇస్తామన్నట్టు ఆయన జవాబు చెప్పాడు. విద్యార్థులు వీధుల్లోకి వచ్చి ఆయన దిష్టిబొమ్మ తగలబెట్టారు. ఆ దశాబ్దంలో ఫెడరల్ ప్రభుత్వం వేసిన ద్విభాషా కమిషన్ జీతాల లెక్కలు తీస్తే, సొంత రాష్ట్రమైన క్విబెక్‌లోనే ఫ్రెంచ్ మగవాళ్ల ఆదాయం దాదాపు అట్టడుగున తేలింది.

అక్కణ్నుంచే 1977 ఫ్రెంచ్ భాషా చట్టం దాకా వచ్చారు. అందరూ "బిల్ 101" అంటారు. అప్పటి క్విబెక్ ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) రెనే లెవెక్ ప్రభుత్వంలో మంత్రి కమీ లోరాఁ దాన్ని తెచ్చాడు. ఆయన వృత్తిరీత్యా మానసిక వైద్యుడు. చట్టంలో దుకాణం బోర్డుల సంగతి అందరికీ తెలుసు. అసలు గుండెకాయ నాలుగో సెక్షన్: క్విబెక్‌లో పనిచేసే ప్రతి మనిషికీ తన పని ఫ్రెంచ్‌లో చేసుకునే హక్కు ఉంది. కాబట్టి మన టీములో ఎవరైనా ఇంగ్లిష్‌లోకి మారితే, ఆ పూటకి ఆ హక్కుని మనకోసం పక్కన పెట్టినట్టు.

ఇంకో సంగతి. మాంట్రియల్‌ని మనం ద్విభాషా నగరం అంటాం గానీ కాగితం మీద అది కాదు. 1974 నుంచి క్విబెక్ అధికార భాష ఫ్రెంచ్ ఒక్కటే. వెస్ట్‌మౌంట్, డాలర్డ్-దె-ఓర్మో లాంటి కొన్ని పురపాలికలకే ద్విభాషా హోదా ఉంది. నగరం రెండు భాషల్లో బతుకుతోంది, చట్టం మాత్రం ఒక భాషదే.

ఓరుగల్లు పోరడు

అక్కలు, అన్నలు చెప్పింది అబద్ధమంటలేను. కని అంత తీపిగ ఉండది తమ్మీ. నేను పని అయినంక రాత్రి క్లాసులకు వోయి, చలిల బస్సు కోసం నిలవడి ఫ్రెంచ్ నేర్సుకున్న. దుకాణంల, ఆఫీసుల ఫ్రెంచ్‌ల అడిగితే నా యాస ఇని టక్కున ఇంగ్లిష్‌ల జవాబిస్తరు. ఆళ్లు మంచికే చేస్తరు కావచ్చు. మనకు మాత్రం "నీ ఫ్రెంచ్ సరిపోదు పో" అన్నట్టే ఇనవడ్తది.

ఇంకోటి. మునుపు నేను చేసిన కంపెనీల టీమ్ లీడ్ పోస్టు పడితే, నా ఎనక వచ్చినోనికి ఇచ్చిన్రు. ఎందుకని అడిగితే క్లయింట్లకు ఫ్రెంచ్‌ల రాయాలె అన్నరు. నేను రాసింది ఒక్క కాగితం సుత చూడలే. రాత చూసి కాదంటే బాధ లేకుండె. చరిత్రల ఆళ్లకు అన్యాయం జరిగింది, ఒప్పుకుంట. ఆ అన్యాయం తెలిసినోళ్లే మన యాస ఇని తూకం ఎయ్యద్దు గదా. కొత్తోళ్లకు మంచి ఒక్కటే చెప్తే రేపు వచ్చినంక మనసు విరుగుతది, అందుకే చెప్తున్న.

ప్లాటో పిల్ల

అన్నా, మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. యాస చూసి మనిషిని కొలవడం ఇక్కడ ఉంది. పారిస్ యాసకి ఒక గౌరవం, హైతీ యాసకో మన యాసకో ఇంకో గౌరవం. అది తప్పే. రాత నైపుణ్యం కావాలన్న పోస్టుకి రాత పరీక్ష పెట్టమని అడగడం మన హక్కు. అడిగితే మర్యాద తప్పినట్టేమీ కాదు.

భాష మార్చేసే సంగతికి నాకు పనికొచ్చిన మార్గం చెప్తాను. నవ్వుతూ "ఆఁ ఫ్రాంసే, సిల్ వు ప్లే, ఝాప్రాఁ" అంటాను. ఫ్రెంచ్‌లోనే కానివ్వండి, నేర్చుకుంటున్నాను అని. చాలామంది ముఖం వెలిగిపోతుంది, నెమ్మదిగా మాట్లాడతారు. కొందరు సిగ్గుపడి సారీ కూడా చెప్తారు. అయినా ఇంగ్లిష్‌లోనే కొనసాగించేవాళ్లు ఉంటారు. తనకి ఇంగ్లిష్ ప్రాక్టీస్ కావాలని ఒకాయన నాతో ఒప్పందం చేసుకున్నాడు: పొద్దున ఫ్రెంచ్, భోజనం తర్వాత ఇంగ్లిష్.

హెచ్ఆర్ అక్క

నేను ఇక్కడ మానవ వనరుల విభాగంలో పనిచేస్తాను. తమ్ముడు "నలభై మంది లోపు" అన్నాడు కాబట్టి ఒక విషయం చెప్పాలి. మొదట్లో 50 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీలే భాషా కార్యాలయం దగ్గర నమోదై, పని భాష ఫ్రెంచ్ అని నిరూపించుకోవాల్సి వచ్చేది. 2022లో వచ్చిన బిల్ 96 ఆ హద్దుని 25కి దించింది. అది 2025 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నీ కంపెనీ సరిగ్గా ఆ కొత్త గుంపులో ఉంది. కాబట్టి అంతర్గత పత్రాలు, సాఫ్ట్‌వేర్ మెనూలు, శిక్షణ కాగితాలు ఫ్రెంచ్‌లోకి మారుతుంటే అది నీమీద కోపంతో చేస్తున్నదని అనుకోకు.

ఇంకొన్ని: ఉద్యోగులందరికీ వెళ్లే సమాచారం ఫ్రెంచ్‌లో ఉండి తీరాలి. ఉద్యోగ ప్రకటన ఇంగ్లిష్‌లో వేస్తే అదే సమయంలో ఫ్రెంచ్‌లోనూ వేయాలి. ఒక పోస్టుకి ఇంగ్లిష్ తప్పనిసరి అనాలంటే అది ఎందుకు అవసరమో కంపెనీయే చూపించాలి. ఇంగ్లిష్ రాదన్న కారణంతో ఎవరినీ తీసేయకూడదు.

నువ్వు ఇద్దరు ముగ్గురు సహోద్యోగులకి రాసుకునే మెయిల్ ఏ భాషలో ఉన్నా ఎవరూ పట్టుకోరు. అయితే అలవాటు ఇలా చేసుకో: "బోఁజూర్" అని మొదలుపెట్టి ఒకటి రెండు వాక్యాలు ఫ్రెంచ్‌లో రాయి, సాంకేతిక వివరం ఇంగ్లిష్‌లో రాయి, "మెర్సీ, బొన్ ఝుర్నే" అని ముగించు. అవతలివాళ్లు ఏ భాషలో రాస్తే ఆ భాషలో జవాబివ్వడం ఇంకా మంచిది. ఫ్రెంచ్ అక్షరాల మీద é, è లాంటి గుర్తులు వదిలేయకు. పేరులో గుర్తు ఉన్నవాళ్ల పేరు గుర్తు లేకుండా రాస్తే నొచ్చుకుంటారు. మన పేర్లలో అక్షరం పోతే మనకెలా ఉంటుందో అలాగే. ఫ్రెంచ్ ఇన్‌వాయిసులో దశాంశానికి కామా వస్తుంది, డాలరు గుర్తు అంకె తర్వాత వస్తుంది: 1 250,75 $. సమయం 14 h 30 అని రాస్తారు. మొదటి రోజు ఇచ్చే ల్యాప్‌టాప్ కీబోర్డు ఫ్రెంచ్ కెనడియన్ అయితే బ్రాకెట్లు వేరేచోట ఉంటాయి. కోడ్ రాసేవాళ్లు మొదటే అడిగి మార్పించుకోవచ్చు.

చివరిగా ఫ్రాన్సిజాసియోఁ క్విబెక్. ఫ్రెంచ్ నేర్చుకునేవాళ్లకోసం క్విబెక్ ప్రభుత్వం 2023లో తెరిచిన ఉమ్మడి ద్వారం. క్లాసులు ఉచితం. సీట్లు త్వరగా నిండిపోతున్నాయి, 2024లో కొన్ని కేంద్రాలు నిధులు లేక క్లాసులు ఆపేశాయి కూడా. వచ్చిన వెంటనే పేరు రాయించుకో.

డౌన్‌టౌన్ బాబాయ్

ఇంతలా భయపెట్టడం ఎందుకండీ? నా ఆఫీసులో సింగపూర్, న్యూయార్క్ క్లయింట్లే. రోజంతా ఇంగ్లిషే. ఎయిర్ కెనడా సీఈవోనే ఏళ్ల తరబడి ఇక్కడ ఉండి ఫ్రెంచ్ లేకుండా నడిపాడు కదా. మనకేంటి?

లవాల్ వాసి

బాబాయ్ గారూ, ఆ ఉదాహరణే తీసుకుందాం. 2021 నవంబరులో ఆ సీఈవో మైకెల్ రూసో మాంట్రియల్ వాణిజ్య మండలిలో ప్రసంగించాడు. దాదాపు అంతా ఇంగ్లిషే. బయట ఒక విలేఖరి ఫ్రెంచ్‌లో ప్రశ్న అడిగితే ఇంగ్లిష్‌లో అడగమన్నాడు. 14 ఏళ్లుగా మాంట్రియల్‌లో ఫ్రెంచ్ లేకుండానే ఉండగలిగానని, అది ఈ నగరం గొప్పతనమని అన్నాడు. మర్నాడే క్షమాపణ చెప్పి, ఫ్రెంచ్ నేర్చుకుంటానని ప్రకటించాల్సి వచ్చింది. భాషా కమిషనర్‌కి ఫిర్యాదులు కుప్పలుగా వెళ్లాయి.

జనానికి కోపం తెప్పించింది ఆయనకి ఫ్రెంచ్ రాకపోవడం కంటే, అవసరం పడలేదని సంతోషంగా చెప్పడం. ఆయన అమ్మ, భార్య ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లేనన్న సంగతి బయటికొచ్చాక మరీ నొచ్చుకున్నారు. మీ క్లయింట్లతో ఇంగ్లిష్ తప్పదు, ఎవరూ కాదనరు. మీ ఆఫీసు రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడతో, సెక్యూరిటీ ఆయనతో, ఊడ్చే ఆయనతో పొద్దున్నే ఏ భాషలో పలకరిస్తున్నారు? అది ఒకసారి ఆలోచించండి.

డౌన్‌టౌన్ బాబాయ్

పలకరింపు వరకు ఫ్రెంచేనండీ, అది వదల్లేదు. పనికి సంబంధించి మాత్రం నా మాట మీదే ఉన్నాను. అన్ని ఆఫీసులూ ఒకలా ఉండవు, కొత్తవాళ్లు ముందు తమ టీముని చూసుకోవాలి.

గాటినో గట్టు

మాది గాటినో, ఒట్టావాకి నది అవతల క్విబెక్ వైపు. ఒట్టావాలో ఫెడరల్ ఆఫీసుకి వెళ్లొస్తాను. ఇక్కడి పద్ధతి వేరు, కలిపి చూడకండి. 1969 అధికార భాషల చట్టం ప్రకారం ఫెడరల్ ఆఫీసులో రెండు భాషలూ సమానం. ద్విభాషా పోస్టుకి చదవడం, రాయడం, మాట్లాడటం మూడింటికీ విడివిడిగా ఏ, బీ, సీ స్థాయిలుంటాయి. ఈ ప్రాంతంలో మేనేజరు పోస్టుకి 2025 జూన్ నుంచి సీబీసీ (చదవడం సీ, రాయడం బీ, మాట్లాడటం సీ) ఉండాలంటున్నారు. మీటింగ్ నడిపే మనిషి మొదట్లోనే "ఎవరికి ఇష్టమైన భాషలో వాళ్లు మాట్లాడండి" అని రెండు భాషల్లో చెప్పాలి. చెప్తారు కూడా. తర్వాత అంతా ఇంగ్లిష్‌లోకి జారిపోతుంది. నాకు నచ్చని విషయం అదే. మాంట్రియల్‌లో చట్టం ఒకవైపు మొగ్గు చూపినా, ఫ్రెంచ్ నిజంగా పనిలో వినిపిస్తుంది.

దుకాణాల్లో "బోఁజూర్-హాయ్" అంటారే, దానిమీద కూడా గొడవే. 2017లో, మళ్లీ 2019లో క్విబెక్ శాసనసభ ఒక్క "బోఁజూర్" అనమని తీర్మానం చేసింది. శిక్షలేవీ లేవు, అన్నవాళ్లు ఇప్పటికీ అంటున్నారు.

కొత్తగా వస్తున్నా

అందరికీ చాలా థాంక్స్. ఓరుగల్లు అన్నా, మీ మాట ప్రత్యేకంగా గుర్తుంచుకుంటాను. ఇక తు, వూ సంగతి, బుగ్గల మీద ముద్దు సంగతి, తిండి సంగతి చెప్పరా? నేను శాకాహారిని.

ప్లాటో పిల్ల

సహోద్యోగులతో "తు" చాలా త్వరగా వచ్చేస్తుంది. డైరెక్టరుని కూడా పేరుతో, "తు"తో పిలిచే టెక్ కంపెనీలే ఎక్కువ. ఫ్రాన్స్ నుంచి వచ్చినవాళ్లే దీనికి ఆశ్చర్యపోతారు. మనకి "గారు" అలవాటు కాబట్టి మొదట్లో నాలుక తిరగదు. అయినా క్లయింటుతో, కొత్త మనిషితో, వయసులో పెద్దవాళ్లతో, నోటరీ, డాక్టరు లాంటివాళ్లతో "వూ" తోనే మొదలుపెట్టు. వాళ్లు "తు అనొచ్చు" అన్నప్పుడు మారు. బ్యాంకులు, న్యాయవాదుల ఆఫీసుల్లో "వూ" ఇంకా గట్టిగానే ఉంది.

ముద్దు స్నేహితుల మధ్య. ఆఫీసులో కరచాలనం చాలు, కోవిడ్ తర్వాత మరీను. ఎవరైనా ముందుకి వంగితే కంగారు పడకు, రెండు బుగ్గలకి రెండు. ఇష్టం లేకపోతే ముందే చెయ్యి చాపు, ఎవరూ తప్పు పట్టరు.

భోజనం దగ్గర ఒక చిక్కు ఉంది. ఇక్కడ "దీనే" అంటే మధ్యాహ్న భోజనం, రాత్రిది "సూపే". క్లయింటు దీనేకి పిలిస్తే సాయంత్రం దాకా ఆగకు. పని అయ్యాక అయిదు నుంచి ఏడు దాకా బారులో కలవడాన్ని "సాంక్ ఆ సెట్" అంటారు. తాగకపోయినా తప్పకుండా వెళ్లు. సోడా పట్టుకుని కూర్చో. మీటింగులో నోరు విప్పనివాళ్లు అక్కడ మాట్లాడతారు. హాకీ టీము కనాడియన్స్ గురించి కాస్త తెలిసి ఉంటే ఇంకా సులువు. తిట్లు వినిపిస్తాయి, అన్నీ చర్చి వస్తువుల పేర్లే. విను, వాడకు. మన నోట అవి మోటుగా ఉంటాయి.

మార్చి, ఏప్రిల్‌లో ఆఫీసంతా కలిసి "కబాన్ ఆ స్యూక్ర్"కి వెళ్తారు. మేపుల్ రసం కాచే తోటలో విందు. అక్కడ బఠాణీ సూపులో పంది మాంసం, చిక్కుళ్లలో పంది కొవ్వు, గుడ్లు, మళ్లీ పంది మాంసం. శాకాహారి అని బుక్ చేసేవాళ్లకి రెండు వారాల ముందే చెప్పు. మాంసం, చేప, కొవ్వు ఏదీ వద్దని విడమరిచి చెప్పు. మంచు మీద పోసిచ్చే మేపుల్ పాకం మాత్రం వదలకు.

హెచ్ఆర్ అక్క

క్యాలెండర్ కూడా చూసుకో. జూన్ 24 క్విబెక్ జాతీయ దినం, ఆ రోజు మీటింగ్ పెట్టమని టొరంటో వాళ్లు అడుగుతూనే ఉంటారు. జూలై 1 ఇళ్లు మారే రోజు, సగం ఊరు ట్రక్కుల్లో ఉంటుంది. జూలై చివరి రెండు వారాలు నిర్మాణరంగం సెలవు. మిగతా రంగాల వాళ్లూ చాలామంది అప్పుడే సెలవు పెడతారు. ఆ పదిహేను రోజుల్లో సంతకాలు, ఒప్పందాలు ఆశించకు.

ఓరుగల్లు పోరడు

తమ్మీ, ఒకటి మర్సిపోయిన. ఆఫీసుల మనోళ్లు ముగ్గురు కలిస్తే తెలుగు మొదలైతది. కాఫీ కాడ మాట్లాడుకో, ఎవలేమనరు. పక్కన ఇంకోడు నిలవడ్డప్పుడు మాత్రం ఆపాలె. బెంగళూరుల మన ముందట కన్నడల మాట్లాడుకుంటే మనకు ఎట్లనిపిస్తుండెనో యాదికి తెచ్చుకో. ఈడ ఇంకా నాజూకు. ఆళ్లు మనకోసం ఫ్రెంచ్ ఇడిసి ఇంగ్లిష్ మాట్లాడ్తున్నరు, మనమేమో ఆళ్ల ముందట తెలుగు మాట్లాడ్తున్నం. అది మంచిగుండది.

నేను గా కంపెనీ ఇడిసిపెట్టి ఇంకోదాంట్ల చేరిన. ఈడ నా ఫ్రెంచ్ మెయిల్ మా మేనేజర్ దిద్దిచ్చి, గట్లనే పంపుమంటది. గిట్లాంటోళ్లు గూడ ఉంటరు.

కొత్తగా వస్తున్నా

టీముకి మొదటి రోజు పంపడానికి ఒక చిన్న మెయిల్ రాసుకున్నాను. మూడు వాక్యాలు ఫ్రెంచ్‌లో: బోఁజూర్, నేను ఫలానా, మీతో పనిచేయడం సంతోషం, నా ఫ్రెంచ్ ఇంకా నేర్చుకుంటున్నాను కానీ మీరు నాతో ఫ్రెంచ్‌లోనే మాట్లాడండి. తర్వాత నా పని అనుభవం గురించి ఇంగ్లిష్‌లో ఒక పేరా. "నా ఫ్రెంచ్ బాగోనందుకు క్షమించండి" అని మొదటి వాక్యంలోనే పెట్టనా?

హెచ్ఆర్ అక్క

క్షమాపణ తీసెయ్. నేర్చుకుంటున్నానన్న మాట చాలు. పని అనుభవం పేరాని రెండు వాక్యాలకి కుదించి, దాన్ని కూడా ఫ్రెంచ్‌లో రాయడానికి ప్రయత్నించు. తప్పులుంటే ఇక్కడ పెట్టు, నేనో ప్లాటో పిల్లో దిద్దుతాం. టీము మొత్తానికి రాస్తున్నావు కాబట్టి "వూ"నే వాడాలి, ఎక్కువమందికి అదే. సబ్జెక్ట్ లైన్ కూడా ఫ్రెంచ్‌లో పెట్టు, మెయిల్ తెరవకముందే కనిపించేది అదే.